స్టేషనుకు వెళ్లే ముందు చేసే ఫోను

మా వీధి చివర ఒక వితంతు సోదరి నివసిస్తున్నారు. వయస్సు అరవై దాటింది. భర్త మిగిల్చిన రెండు గదుల ఇల్లు, దానిని ఆనుకొని ఉన్న కొద్దిపాటి ఖాళీ స్థలం, ఇదే ఆమె ఆస్తి. నిరుడు ఒక ఉదయం లేచి చూసేసరికి ఆ స్థలంలో ఎవరో రాతి కడీలు పాతుతున్నారు. అడగబోయిన కుమారుణ్ని కొట్టారు. అతని చేయి విరిగింది. ఆస్పత్రిలో కట్టు కట్టించి ఆమె నేరుగా మా ఇంటికి వచ్చారు. కూర్చోమన్నా కూర్చోలేదు. "భయ్యా, స్టేషనుకు వెళ్లాలి. ముందుగా ఎవరితోనైనా ఒక ఫోను చేయిస్తారా?" అని అడిగారు.

మేము చేయించాము. ఒప్పుకోవడానికి సంకోచం లేదు. నియోజకవర్గ నాయకునికి దగ్గరి మనిషి ఒకరు మాకు పరిచయం. ఆయన ఫోను చేశారు. సాయంత్రానికల్లా ఎఫ్.ఐ.ఆర్. నమోదైంది, దాని నకలు కూడా ఆమె చేతికి అందింది. ఆ రాత్రి ఆమె మాకోసం చేసిన దుఆలు ఇప్పటికీ మా చెవులలో ఉన్నాయి. పదిహేను రోజులు గడిచాయి. కడీలు పాతినవారు మా పరిచయస్థునికంటే పై మెట్టులో ఉన్న వ్యక్తిని పట్టుకున్నారు. మరొక ఫోను వెళ్లింది. ఆనాటి నుండి కేసు కదలలేదు. సాక్షులను పిలవలేదు. స్థలం దగ్గరకు ఎవరూ రాలేదు.

మొదటి ఫోను న్యాయం కోసం, రెండవ ఫోను అన్యాయం కోసం అని మనం సరిపెట్టుకోవచ్చు. అయితే ఆ రెండు ఫోన్లూ ఒకే తీగ మీద నడిచాయి. మన ఫోనుకు లొంగిన అధికారి ఎదుటివారి ఫోనుకు లొంగడని ఎలా అనుకున్నామో, అప్పుడు మాకు తట్టలేదు.

ఇంతకూ చట్టం ఏమంటున్నది? శిక్షించదగిన పెద్ద నేరం జరిగిందని సమాచారం అందితే, వారెంటు లేకుండా, ఎవరి అనుమతీ అడగకుండా దర్యాప్తు ప్రారంభించే అధికారం స్టేషను అధికారిది. పాత నేర విచారణ స్మృతిలో ఇది 156వ సెక్షను. 2024 జులై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 175వ సెక్షను. ఆయనపై ఉన్న పోలీసు అధికారులకు అదే అధికారం ఉంది. మేజిస్ట్రేటుకు దర్యాప్తు జరపమని ఆదేశించే అధికారం ఉంది. దర్యాప్తును గురించి చెప్పిన ఆ అధ్యాయాన్ని మొదటి నుండి చివరి వరకు తిరగేసినా, మంత్రిగారికి గానీ శాసనసభ్యునికి గానీ ఇచ్చిన అధికారం ఒక్కటీ కనిపించదు. స్వాతంత్ర్యానికి పూర్వమే, 1944లో, ఖ్వాజా నజీర్ అహ్మద్ కేసులో లండనులోని ప్రివీ కౌన్సిలు మరొక అడుగు ముందుకు వేసింది. దర్యాప్తు పోలీసుల పని, తీర్పు న్యాయస్థానం పని, ఒకరి పనిలో మరొకరు చొరబడకూడదని స్పష్టం చేసింది. అంటే చట్టం దృష్టిలో మన ఊరి ఎస్సై గారి చేతిలోని దర్యాప్తులో హైకోర్టు న్యాయమూర్తి సైతం ఆచితూచి మాత్రమే జోక్యం చేసుకోవాలి.

మరి అంతటి అధికారి ఒక ఫోనుకు ఎందుకు ఉలిక్కిపడతాడు? దర్యాప్తు చట్టం ఆయనకు స్వేచ్ఛ ఇచ్చింది. కానీ ఆయన ఉద్యోగం వేరొక చట్టం చేతిలో ఉన్నది. 1857 తిరుగుబాటు తరువాత ఆంగ్ల ప్రభుత్వం తనకు కావలసిన విధంగా ఒక పోలీసు వ్యవస్థను నిర్మించుకొని 1861లో చట్టం చేసింది. దాని 3వ సెక్షను ప్రకారం పోలీసులపై 'పర్యవేక్షణ' ప్రభుత్వానిది. ఆ పర్యవేక్షణ ఎంతవరకు, ఏ విషయాలలో అన్నది చట్టం చెప్పలేదు. మద్రాసు రాజధానిలో భాగంగా ఉండిన ఆంధ్ర ప్రాంతానికి అంతకు రెండేళ్ల ముందే, 1859లో, జిల్లా పోలీసు చట్టం వచ్చింది. హైదరాబాదు నగరానికైతే నిజాం కాలంనాటి ఫసలీ 1348 చట్టం ఉంది. ఫసలీ సంవత్సరంతో పిలిచే ఆ శాసనమే నేటికీ నగర పోలీసు కమిషనరు అధికారాలకు ఆధారం. అద్దాల మేడలు లేచిన ఐటీ నగరంలో రాత్రి దుకాణం ఎప్పుడు మూయాలో చెప్పే అధికారి ఆ పాత కాగితాన్నే చూపుతారు! పాత చట్టమంటేనే చెడ్డదని మేము అనడం లేదు. పాలకులు ప్రజలను చూసి భయపడిన రోజులలో పుట్టిన చట్టాలలో, పోలీసు ఎవరి మనిషి అన్న ప్రశ్నకు 'పాలకుని మనిషి' అన్న జవాబు ఒక్కటే ఉండటం సహజం.

ఆ నిర్వచనం లేని 'పర్యవేక్షణ'లో నుండి పుట్టినదే బదిలీ అనే ఆయుధం. "ఫలానా కేసు మూసివేయండి" అని ఏ మంత్రీ కాగితం మీద వ్రాయవలసిన అవసరం లేదు. నోటితోనైనా అనవలసిన పని లేదు. సీఐ గారి పోస్టింగు ఎవరి సిఫారసు లేఖతో వచ్చిందో ఊరందరికీ తెలుసు. ఎవరి కోపంతో పోతుందో ఆయనకూ తెలుసు. పిల్లల బడి, భార్య ఉద్యోగం, ముసలి తల్లిదండ్రుల వైద్యం, అన్నీ ఆ ఒక్క బదిలీ ఉత్తర్వుకు వ్రేలాడుతుంటాయి. ఆయన కుటుంబమూ మన కుటుంబాల వంటిదే. ధైర్యవంతులు లేరని కాదు. ఆరు నెలలకు ఒకసారి సామాను మూటకట్టుకొని తిరిగిన అధికారులను మేమూ చూశాము. అయితే ప్రతి అధికారీ అసాధారణ ధైర్యవంతుడై ఉంటే తప్ప నడవని వ్యవస్థను వ్యవస్థ అనలేము.

అధికారాలను వేరు చేయడం మనకు క్రొత్త విద్య కాదు. ఒకనాడు జిల్లా కలెక్టరే పన్ను వసూలు చేసేవాడు, పోలీసులపై అజమాయిషీ చేసేవాడు, మేజిస్ట్రేటుగా కూర్చొని తీర్పూ చెప్పేవాడు. పట్టి తెచ్చిన చేయి, శిక్ష వ్రాసిన చేయి దాదాపు ఒకటే. హైదరాబాదు సంస్థానంలో 1921లోనే న్యాయశాఖను పాలన నుండి వేరు చేశారు. స్వతంత్ర భారత రాజ్యాంగం 50వ అధికరణంలో ఈ విభజనను ఆదర్శంగా వ్రాసుకున్నది. 1974 ఏప్రిల్ 1న క్రొత్త నేర విచారణ స్మృతి అమలులోనికి రావడంతో నేరాల విచారణ దేశమంతటా న్యాయ మేజిస్ట్రేట్ల చేతికి వచ్చింది. ఆ రోజులలోనూ "కలెక్టరు చేతులు కట్టేస్తే జిల్లా నడుస్తుందా?" అన్నవారు ఉన్నారు. జిల్లాలు నడుస్తూనే ఉన్నాయి. ప్రభుత్వానికీ న్యాయమూర్తికీ మధ్య గోడ లేచింది. ప్రభుత్వానికీ దర్యాప్తుకూ మధ్య మాత్రం పునాది తవ్వి వదిలేశారు.

అత్యవసర పరిస్థితి నాటి అరెస్టులు ఈ లోపాన్ని దేశం కళ్లకు కట్టాయి. ఆ చేదు అనుభవం తరువాత 1977 నవంబరులో ధర్మవీర అధ్యక్షతన జాతీయ పోలీసు కమిషన్ ఏర్పడింది. 1981 నాటికి ఎనిమిది నివేదికలు ఇచ్చింది. ప్రభుత్వ పర్యవేక్షణ అన్నది పోలీసులు చట్టప్రకారం పనిచేస్తున్నారా లేదా చూడటానికి పరిమితం కావాలని దాని సిఫారసుల సారాంశం. ప్రభుత్వాలు మారాయి, నివేదికలు అలమారలలో ఉండిపోయాయి. చివరకు ఉత్తరప్రదేశ్, అస్సాం రాష్ట్రాలలో పోలీసు అధిపతిగా పనిచేసి, సరిహద్దు భద్రతా దళానికీ నాయకత్వం వహించి పదవీ విరమణ చేసిన ప్రకాశ్ సింగ్, మరికొందరితో కలిసి 1996లో సుప్రీంకోర్టు తలుపు తట్టారు. తీర్పు రావడానికి పదేళ్లు పట్టింది.

2006 సెప్టెంబరు 22 నాటి ఆ తీర్పులో ఏడు ఆదేశాలు ఉన్నాయి. అన్నింటినీ ఇక్కడ ఏకరువు పెట్టము. మా సోదరి కేసు వంటి కేసులను తాకేవి కొన్ని చాలు. స్టేషను అధికారి మొదలుకొని ఎస్పీ, ఐజీ, రాష్ట్ర డీజీపీ వరకు కనీసం రెండేళ్లు ఒకచోట ఉండనివ్వాలి. డీఎస్పీ, అంతకు దిగువ స్థాయి బదిలీలను డీజీపీ, మరో నలుగురు ఉన్నతాధికారులతో కూడిన మండలి నిర్ణయించాలి. ప్రభుత్వం మార్చదలచుకుంటే అరుదైన సందర్భాలలో, కారణం వ్రాసి మార్చాలి. డీజీపీని యూపీఎస్సీ ఎంపిక చేసిన ముగ్గురి జాబితా నుండి తీసుకోవాలి. దర్యాప్తు చేసే పోలీసును బందోబస్తు చేసే పోలీసు నుండి వేరు చేయాలి, మొదట 10 లక్షలకు మించిన జనాభా ఉన్న నగరాలలో ఆరంభించాలి. ఈ చివరిది పైకి చిన్న విషయంలా కనిపిస్తుంది. బోనాలకు, గణేశ నిమజ్జనానికి, ముహర్రం ఊరేగింపుకు, ముఖ్యమంత్రి గారి పర్యటనకు అదే ఎస్సై రోడ్డు మీద నిలబడాలి. తిరిగి వచ్చి అదే ఎస్సై కేసు డైరీ వ్రాయాలి. కదలని ప్రతి ఫైలు వెనుకా రాజకీయ నాయకుడు ఉండడు. కొన్నింటి వెనుక కేవలం అలసట ఉంటుంది.

తీర్పు వచ్చాక రాష్ట్రాలు ఏమి చేశాయి? సుప్రీంకోర్టు స్వయంగా నియమించిన జస్టిస్ థామస్ కమిటీ 2010లో తన నిరాశను దాచుకోలేదు. తీర్పును ఎదిరించి నిలిచిన రాష్ట్రాలు తక్కువ. క్రొత్త చట్టాలు చేసి దానిని మెత్తగా ప్రక్కకు జరిపినవే ఎక్కువ. రెండేళ్ల పదవీకాలం అని వ్రాసి, 'పాలనా కారణాల' మీద మార్చవచ్చునని క్రింద ఒక వాక్యం చేర్చితే చాలు. తాత్కాలిక డీజీపీలను నియమించవద్దని 2018 జులైలో న్యాయస్థానం మళ్లీ చెప్పవలసి వచ్చింది. డీజీపీ ఎంపికను తమ చేతిలోనే ఉంచుకొనే విధంగా 2017లో ఆంధ్రప్రదేశ్, 2018లో తెలంగాణ సొంత శాసనాలు తెచ్చాయి. ఈ విషయంలో మన రెండు రాష్ట్రాల మధ్య, వాటిని ఏలిన పార్టీల మధ్య ఎంతటి ఐకమత్యం!

కేరళలో జరిగినదానిని కొంచెం నిదానంగా చూద్దాము. 2016 మే నెలలో అక్కడ క్రొత్త ప్రభుత్వం వచ్చిన కొద్ది రోజులకే డీజీపీ టి.పి. సెన్‌కుమార్‌ను ఆ పదవి నుండి తప్పించారు. పుట్టింగల్ ఆలయ బాణసంచా దుర్ఘటన, ఒక విద్యార్థిని హత్య కేసు, ఈ రెండింటిలో పోలీసుల తీరుపై ప్రజలలో అసంతృప్తి ఉందన్నది ప్రభుత్వం చెప్పిన కారణం. ఆయన న్యాయస్థానాలకు వెళ్లారు. 2017 ఏప్రిల్ 24న సుప్రీంకోర్టు ఆయనను తిరిగి అదే పదవిలో కూర్చోబెట్టింది. ప్రజలు అసంతృప్తిగా ఉన్నారని ప్రభుత్వం అనుకుంటే చాలదు, దానికి నిలబడే ఆధారం ఉండాలన్నది తీర్పు సారం. మంచి తీర్పే. అయితే లెక్క చూడండి. ఆయన పదవీ విరమణ అదే సంవత్సరం జూన్ 30న. గెలిచిన వ్యక్తికి మిగిలినది రెండు నెలలు. రాష్ట్ర పోలీసు అధిపతికే తన కుర్చీని కాపాడుకోవడానికి దాదాపు ఏడాది పట్టి, దేశంలోని అత్యున్నత న్యాయస్థానం దాకా పోవలసి వస్తే, మండల కేంద్రంలోని ఎస్సై ఏ న్యాయస్థానానికి పోతాడు?

ఒక విచిత్రాన్ని పాఠకులు గమనించే ఉంటారు. ఎన్నికల ప్రకటన రాగానే ఎన్నికల కమిషన్ ఎస్పీలను, కొన్నిసార్లు డీజీపీలను సైతం మారుస్తుంది. 2024 మే నెలలో ఆంధ్రప్రదేశ్ డీజీపీ బదిలీ అలాగే జరిగింది. ఓట్లు పడే ఆ కొన్ని వారాలపాటు పోలీసు అధికార పక్షం నీడలో ఉండరాదని అందరమూ ఒప్పుకుంటాము. ఫలితాలు వచ్చిన మరునాటి నుండి, ఆ వితంతువు స్టేషను మెట్లెక్కే మిగిలిన అయిదేళ్లూ, అదే నీడ మనకు సమస్యగా కనిపించదు.

ఇక్కడ ఒక గట్టి ఆక్షేపణ ఉంది. దానిని దాటవేయడం న్యాయం కాదు. ప్రజలు ఎన్నుకున్న ప్రభుత్వానికి పోలీసులపై పట్టు లేకపోతే, తుపాకి పట్టిన ఆ శాఖకు పగ్గం వేసేది ఎవరు? మంత్రిని అయిదేళ్లకైనా దించగలము. ఎస్పీని దించలేము కదా? ఈ భయం నిజమైనదే. 2019 డిసెంబరులో షాద్‌నగర్ సమీపంలోని చటాన్‌పల్లి వద్ద 'దిశ' కేసు నిందితులు నలుగురు పోలీసు కాల్పులలో మరణించారు. ఆ ఉదయం జనం పోలీసులపై పూలు చల్లారు. ఆడపిల్లల తల్లిదండ్రుల గుండెలలోని మంటను మేము తక్కువ చేయము. మా ఇళ్లలోనూ ఆడపిల్లలు ఉన్నారు. అయితే సుప్రీంకోర్టు నియమించిన సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022లో బయటకు వచ్చినప్పుడు, ఆ కాల్పులు చంపాలన్న ఉద్దేశంతో జరిపినవని, పదిమంది పోలీసులను విచారించాలని, మరణించినవారిలో ముగ్గురు మైనర్లని తేల్చింది. అప్పుడు పూలు చల్లినవారు కనిపించలేదు. పట్టుకొనే చేయి, శిక్షించే చేయి మళ్లీ ఒకటైతే ఏమౌతుందో చెప్పడానికి పాత కలెక్టరు కాలానికి వెళ్లనక్కరలేదు.

కనుక పోలీసుకు కావలసినది యజమాని లేకపోవడం కాదు. కేసులో ఎవరిని నిందితునిగా చేర్చాలో, ఎవరిని వదలాలో మంత్రి చెప్పకూడదు. ఆ అధికారి తప్పు చేసినప్పుడు లెక్క అడిగే మనిషి అదే శాఖలో ఉండకూడదు. మొదటి దానిని గురించి పత్రికలు వ్రాస్తాయి, రెండవ దానిని మరచిపోతాయి. పదకొండవ శతాబ్దంలో బాగ్దాదులో జీవించిన మావర్దీ తన 'అల్ అహ్కాముస్సుల్తానియా'లో దీవానె మజాలిమ్, అనగా దౌర్జన్యాలపై విచారణ జరిపే పీఠం గురించి విపులంగా వ్రాశారు. ఆ పీఠం చేపట్టవలసిన వాటిలో ఆయన మొట్టమొదట లెక్కించినది అధికారులు ప్రజలపై చేసే జులుమును. దానికి ఫిర్యాదుదారు వచ్చేవరకు వేచి ఉండనవసరం లేదని కూడా అన్నారు. భయపడినవాడు ఫిర్యాదు చేయడని ఆయనకు తెలుసు కాబోలు.

ప్రకాశ్ సింగ్ తీర్పులోనూ అటువంటి తలుపు ఒకటి ఉంది. ప్రతి జిల్లాలో విశ్రాంత జిల్లా జడ్జి, రాష్ట్ర స్థాయిలో విశ్రాంత ఉన్నత న్యాయస్థాన న్యాయమూర్తి అధ్యక్షతన పోలీసులపై ఫిర్యాదుల ప్రాధికార సంస్థ ఏర్పాటు చేయాలన్నది ఆ ఆదేశం. అది వెలువడిన ఎనిమిది నెలలకు, 2007 మే 18న, మక్కా మసీదులో జుమా నాడు బాంబు పేలింది. పేలుడులోనూ, తరువాతి పోలీసు కాల్పులలోనూ ప్రాణాలు పోయాయి. ఆ తరువాత పదుల సంఖ్యలో యువకులను పట్టుకుపోయారు. హింసించారన్న ఆరోపణలపై మైనారిటీ కమిషన్ విచారణ జరిపించింది. వారిపై పెట్టిన కేసులు న్యాయస్థానంలో నిలవలేదు. ఆ తల్లులు ఆ రోజులలో ఎక్కని గడప లేదు. వారు నేరుగా వెళ్లి తట్టగల ప్రాధికార సంస్థ మాత్రం అప్పటికి మన రాష్ట్రంలో లేదు. కొన్నేళ్లకు ప్రభుత్వం కొందరికి 3 లక్షల రూపాయలు, మరికొందరికి 20 వేలు పరిహారంగా ఇచ్చింది. మంచి నడవడి కలవారని ధ్రువపత్రాలూ ఇచ్చింది. 2013లో హైకోర్టు ఆ పరిహారపు ఉత్తర్వును కొట్టివేసింది. హక్కుగా రావలసినది దయగా వస్తే ఇలాగే ఉంటుంది. ఇచ్చిన చేయి ఒకటి, రద్దు చేసిన చేయి మరొకటి. కొట్టిన చేయి ఎవరిదో తేల్చే పీఠం లేదు.

మా వీధి సోదరి గత నెలలో మళ్లీ వచ్చారు. కుమారుని చేతి కట్టు విప్పారు. కడీలు అలాగే ఉన్నాయి. "ఈసారి ఎవరికి ఫోను చేయించాలి, భయ్యా?" అని అడిగారు. మా దగ్గర ఇంకా పెద్ద పేరు ఏదీ లేదు. ఉన్నా, ఆ పేరు వాడుకోవడానికి మనసు ఒప్పలేదు.

కూర్చొని కాగితం తీశాము. ఫిర్యాదు ఇచ్చినవారికి దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజులలోగా తెలియజేయాలని క్రొత్త సంహిత 193వ సెక్షను చెబుతున్నది. ఆ గడువు ఎప్పుడో దాటింది. ఎఫ్.ఐ.ఆర్. నంబరు, తేదీ, ఆస్పత్రి కాగితం నకలు జతచేసి, జరిగినది జరిగినట్లుగా జిల్లా ఎస్పీ గారికి వ్రాశాము. ఎవరి పేరూ సిఫారసుగా చేర్చలేదు. ఆమె వ్రేలిముద్ర వేయబోతూ ఆగి, తనకు సంతకం వచ్చునని, మదరసాలో నేర్చుకున్నానని చెప్పి ఉర్దూలో సంతకం చేశారు. రిజిస్టర్డ్ పోస్టులో పంపాము. అందినట్లు రసీదు తిరిగి వచ్చింది. దానిని ఆమె ఇంటి పట్టా కాగితాలు ఉన్న రేకు పెట్టెలోనే దాచుకున్నారు. జవాబు రాకపోతే మేజిస్ట్రేటు ముందుకు వెళ్లవలసిన అర్జీ, దానికి కావలసిన ప్రమాణపత్రం సిద్ధం చేస్తున్నాము.